ఎడమ ముందు చక్రం

తాడేపల్లిగూడెం,
4 ఆగస్టు 2025.

అన్నయ్యకి,

సలోమి వందనాలు. మేమిద్దరం బాగున్నాం. రూబెన్ గారి మోకాలి నొప్పి మామూలే, వాన పడితే ఎక్కువ, ఎండ కాస్తే తక్కువ. మీ చెవి మిషను సంగతి ఏమైంది? మొన్న ఫోను చేస్తే శాలిని ఎత్తి, "మావయ్యగారు మిషను తీసి సొరుగులో పడేశారండీ పిన్నిగారూ, పెట్టుకోమంటే వినట్లేదు" అంది. ముప్పై నాలుగేళ్లు బస్సు డిపోలో ఇంజన్ల మధ్య నిలబడి చెవులు పోగొట్టుకున్న మనిషికి ఫోనులో చెప్పి లాభం లేదని ఉత్తరం రాస్తున్నాను. మీ కోడలి ఫోనుకి మెసేజీ పెట్టొచ్చు గానీ, అది తను మీకు అరిచి చదవాలి. తమ్మిలేరు అవతలి గట్టు దాకా వినబడుతుంది.

సంగతి ఏమిటంటే, నా కారు. పది రోజులుగా దాంట్లో కాలిన రబ్బరు వాసన వస్తోంది. పొద్దున్న ఇంట్లో బయల్దేరినప్పుడు ఏమీ ఉండదు. నిడమర్రు దాటి చేపల చెరువుల మధ్య రోడ్డు మీదకి వచ్చేసరికి మొదలవుతుంది. గట్ల మీద ఎవరో పాత టైర్లు తగలబెడుతున్నారనుకున్నాను. నాతో రోజూ వచ్చే మా తెలుగు టీచరు అచ్చమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "రోడ్డు మీద కాదండీ మేడమ్, మన బండేనండీ" అంది.

పెట్రోలు కారైతే ఏదో ఒకటి కాలిందనుకోవచ్చు. దీనికి ఇంజనే లేదాయె. కరెంటు బండ్లు తగలబడ్డాయని పేపర్లో చదివిన వార్తలన్నీ గుర్తొచ్చి, స్టీరింగు పట్టుకున్నంతసేపూ ప్రార్థన చేసుకుంటున్నాను.

ఇక్కడ మార్కెట్ యార్డు వెనక ఒక వర్క్‌షాపు ఉంది. పాండురంగారావు గారిది. అక్కడ కరెంటు బండ్లన్నీ చూసేది వీరదుర్గ. నేను ఉంగుటూరులో పని చేసినప్పుడు నా దగ్గర పదో తరగతి చదివిన పిల్ల. ఇప్పుడు ముప్పై ఏళ్లుంటాయి. ఐటీఐ చేసి ఈ పని నేర్చుకుంది. జూలై మొదట్లో నా టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చింది తనే. వాసన సంగతి చెప్తే, "ఒక పూట బండి ఉంచండి మేడమ్, చక్రాలు విప్పి చూడాలి" అంది. ఒక పూట ఉంచితే నేను స్కూలుకి వెళ్లేదెలా? కొల్లేరు అంచు ఊరికి ఆటో దొరికేసరికి రెండో గంట కొడతారు. హెడ్‌మిస్ట్రెస్సే ఆలస్యంగా వస్తే ఇంక ఎవరిని ఏమనగలను?

జూన్‌లో నేను ట్రైనింగుకి విజయవాడ వెళ్తూ కారు రెండు రోజులు మీ ఇంటి ముందు పెట్టాను కదా, అద్దంలా కడిగి ఇచ్చారు. అప్పుడు ఏ వాసనా లేదు. మీరు ఒక్క మాట చెప్తే నాకు ధైర్యం.

పోస్ట్‌మాన్ దారి చూస్తూ,
మీ సలోమి


ఏలూరు,
8-8-2025.

చెల్లెమ్మా,

ఉత్తరం అందింది. నీ అక్షరం ఇంకా బోర్డు మీద రాసినట్టే ఉంది, కళ్లద్దాలు లేకుండా చదివాను.

కరెంటు బండి అని కంగారు పడకు. నాలుగు చక్రాలున్నది ఏదైనా బండే. చెప్పినట్టు చెయ్యి.

ముందు చూడాల్సింది: వాసన చార్జింగు పెట్టినప్పుడు వస్తోందా, నడిపినప్పుడు వస్తోందా? చార్జింగు అయిన వెంటనే ప్లగ్గు పట్టుకుని చూడు. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే, పిన్నుల దగ్గర ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగితే, అసలు దొంగ అదే. ఆ ప్లగ్గులో ఇక చార్జింగు పెట్టకు.

అది బాగుంటే చక్రాలు చూడు. స్కూలు దగ్గర దిగగానే ఎడమ ముందు చక్రంతో మొదలుపెట్టి నాలుగింటి దగ్గరా చెయ్యి పెట్టు. తగిలించకు, బెత్తెడు దూరంలో పెట్టు. ఒకటి మిగతా వాటికంటే కాగుతుంటే అక్కడ బ్రేకు పట్టేసి ఉన్నట్టు. బ్రేకు వదలకపోతే రాపిడికి వేడెక్కి రబ్బరు కాలిన వాసనే వస్తుంది. మామూలు కారైతే బరువుగా లాగుతోందని నీకే తెలిసేది. నీ బండి కాలు తీయగానే తనంతట తనే నెమ్మదిస్తుంది కాబట్టి బ్రేకు పట్టిందని తెలియదు. చార్జింగు మాత్రం తొందరగా అయిపోతూ ఉంటుంది. అవుతోందా?

ఇంకో మాట. బండికి జబ్బు చేస్తే చివర ఎవరు చెయ్యి పెట్టారో కనుక్కోవాలి. డిపోలో నేను మొదట అడిగేది అదే. టైర్లు మార్చిన అమ్మాయి చక్రం బిగించేటప్పుడు ఏం చేసిందో అడుగు.

చెవి మిషను సంగతి శాలిని సగమే చెప్పింది. అది పెట్టుకుంటే చర్చిలో పక్కవాడి ఊపిరి కూడా వినబడుతోంది, పాస్టరు గారి మాట తప్ప. అందుకే తీసేశాను. రూబెన్‌ని మెట్లు ఎక్కొద్దని చెప్పు.

చక్రం సంగతి వెంటనే రాయి.

అన్నయ్య,
ప్రభుదాసు


తాడేపల్లిగూడెం,
15 ఆగస్టు 2025.

అన్నయ్యా,

జెండా ఎగరేసి, పిల్లలకి చాక్లెట్లు పంచి ఇప్పుడే ఇంటికి వచ్చాను. చీర కూడా మార్చుకోకుండా రాస్తున్నాను.

మీరు మనిషి కాదు. చూడకుండా, వినకుండా, యాభై కిలోమీటర్ల దూరంలో కూర్చుని ఎలా చెప్పారు? ప్లగ్గు చల్లగానే ఉంది. స్కూలు దగ్గర దిగి మీరు చెప్పినట్టు చెయ్యి పెట్టాను. మిగతా మూడూ మామూలుగా ఉన్నాయి, ఎడమ ముందుది మాత్రం పొయ్యి మీద పెనంలా కాగుతోంది! అచ్చమ్మకి ఉత్తరం చూపించాను. "మీ అన్నయ్యగారు ఎడమ ముందుదే చూడమని ఎలా రాశారండీ?" అని నోరు వెళ్లబెట్టింది. ముప్పై నాలుగేళ్ల అనుభవం అని గొప్పగా చెప్పాను. చార్జింగు మాట కూడా నిజమే. ఇదివరకు మూడు రోజులు వచ్చేది, ఇప్పుడు రెండో రోజు సాయంత్రానికే గుర్తు ఎర్రబడుతోంది.

బుధవారం సెలవు పెట్టి కారు వర్క్‌షాపుకి తీసుకెళ్లాను. వీరదుర్గ ఆ చక్రం విప్పింది. నన్ను పిలిచి చూపించింది. బ్రేకుని పట్టి ఉంచే భాగం రెండు పిన్నుల మీద ముందుకీ వెనక్కీ జరగాలట. ఆ పిన్నులకి రబ్బరు తొడుగులు ఉన్నాయి. అవి నానబెట్టిన శనగల్లా ఉబ్బిపోయాయి. పిన్నులు బిగుసుకుపోయి బ్రేకు వదలడం లేదు. వీరదుర్గ గుడ్డతో తుడిచి, "ఎవరో తప్పు గ్రీజు పూశారండీ మేడమ్. వీటికి సిలికాన్ గ్రీజే వాడాలి. మామూలు గ్రీజు తగిలితే ఈ రబ్బరు మెల్లమెల్లగా ఉబ్బిపోతుంది. బయట ఎక్కడన్నా విప్పించారా?" అంది.

నాకు ఒళ్లు మండింది. నా బండి నువ్వు తప్ప ఎవరు ముట్టుకున్నారు అన్నాను. టైర్లు మార్చేటప్పుడు ఆ పిన్నుల జోలికే వెళ్లనవసరం లేదంది. పాండురంగారావు గారు వచ్చి, "చేసిన పని ఒప్పుకోవడానికేం?" అని అందరి ముందూ కేకలేశారు. నేను కూడా ఊరుకోలేదన్నయ్యా. "పదో తరగతిలో కూడా నువ్వు తప్పు చేసి పక్కవాళ్ల మీద పెట్టేదానివి" అనేశాను. నిజానికి అలా చేసింది తనో, ఇంకో పిల్లో నాకు సరిగా గుర్తు లేదు. ఆ మాట అనగానే తను నా మొహం వైపు చూసి, స్పానరు కింద పెట్టేసింది.

కొత్త రబ్బర్లు విజయవాడ నుంచి రావాలట. అవి వచ్చేదాకా బండి నడపొద్దంది. నేను నమ్మలేదు. మీరు చెప్పండి, గ్రీజు వల్ల రబ్బరు ఉబ్బుతుందా? లేక తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి చెప్తోందా?

మీ చెల్లెలినని గర్వపడుతూ,
సలోమి


ఏలూరు,
19-8-2025.

సలోమీ,

ఉబ్బుతుంది. ఆ అమ్మాయి గ్రీజు గురించి చెప్పింది నిజం. బస్సుల బ్రేకుల పద్ధతి వేరు, వాటికి ఈ గొడవ లేదు. చిన్న కార్ల పిన్నుల తొడుగులకి మామూలు గ్రీజు తగిలితే నెల, నెలన్నరలో పాడవుతాయి. కొత్త రబ్బర్లు వేయించు. పాత గ్రీజు పూర్తిగా కడిగించు. అంతవరకు బండి తీయొద్దు. ఇది గట్టిగా చెప్తున్నాను. స్కూలుకి ఆటోలో వెళ్లు, బస్సులో వెళ్లు, ఆలస్యమైతే అవనీ.

ఆ అమ్మాయిని ఇక ఏమీ అనొద్దు. పని చేసేవాళ్ల చేతుల్లో పొరపాట్లు జరుగుతాయి. తెలియక చేసి ఉంటుంది. క్షమించు.

నన్ను పొగుడుతూ రాయకు. అచ్చమ్మ గారికి ఉత్తరాలు చూపించకు.

ఒంట్లో కొంచెం నలతగా ఉంది. ఏమీ లేదు, వాతావరణం. జవాబు రాయనక్కర్లేదు, రబ్బర్లు వేయించాక రాస్తే చాలు.

ప్రభుదాసు


తాడేపల్లిగూడెం,
24 ఆగస్టు 2025, ఆదివారం.

అన్నయ్యా,

చర్చి నుంచి ఆరాధన సగంలో లేచి వచ్చేశాను. కూర్చోలేకపోయాను. మొదటి నుంచి చెప్తాను.

మీ ఉత్తరం గురువారం అందింది. శుక్రవారం సాయంత్రం వర్క్‌షాపుకి వెళ్లాను. క్షమించమని మీరు రాశారు కదా, పాండురంగారావు గారికి ఆ వాక్యమే చదివి వినిపించాను. "తెలియక చేసి ఉంటుంది, క్షమించు" అని. మంచి చేస్తున్నాననే అనుకున్నాను. ఆయన మాత్రం, "చూశారా, ముప్పై నాలుగేళ్లు డిపోలో చేసిన పెద్దాయనే అన్నారు, చేసింది ఈవిడేనని" అన్నారు. వీరదుర్గ అక్కడే ఉంది. "నేను చెయ్యలేదండీ" అంది. ఆయన, "అయితే మేడమ్ అబద్ధమా, వాళ్లన్నయ్యగారు అబద్ధమా? నీలాంటి పనివాళ్లు నాకొద్దు, రేపట్నుంచి రాకు" అన్నారు. నేను అడ్డుపడాల్సింది. "అంత మాట ఎందుకండీ" అని సణిగి ఊరుకున్నాను. వీరదుర్గ చేతులు కడుక్కుని, టిఫిను డబ్బా తీసుకుని వెళ్లిపోయింది.

తర్వాత పాండురంగారావు గారే, అక్కడే వదిలి వచ్చిన నా బండికి ఇంకో మనిషి చేత ఆ చక్రం విప్పించి, ఏదో నూనె కొట్టించి, "రబ్బర్లు వచ్చేదాకా ఫరవాలేదు, తీసుకెళ్లండి" అన్నారు. మీరు వద్దని అంత గట్టిగా రాసినా తీసుకెళ్లాను. శనివారం స్కూల్లో పరీక్ష ఉందని, పొద్దున్నే బయల్దేరాం.

నిడమర్రు దాటి నాలుగు కిలోమీటర్లు వెళ్లామో లేదో, చక్రం దగ్గర పొగ. బండి ఆపేశాను. రెండు వైపులా చెరువులు, ఒక్క బండి పట్టే రోడ్డు. అచ్చమ్మ తలుపు తీసుకుని గట్టు మీదకి దూకింది. నాకు సీటు బెల్టు ఊడి రాలేదన్నయ్యా. కంగారులో నొక్కాల్సిన చోట నొక్కలేకపోయాను. అచ్చమ్మ వెనక్కి వచ్చి ఊడదీసి నన్ను బయటికి లాగింది. చేపల లారీ వాళ్లు ఆగి బకెట్లతో చెరువు నీళ్లు కొట్టబోయారు. అప్పటికే అచ్చమ్మ ఎవరికో ఫోను చేసి మాట్లాడుతోంది. "నీళ్లు కొట్టొద్దంటండీ! కాగిన ఇనుము పగిలిపోతుందంట! మంట లేకపోతే ముట్టుకోకుండా దూరంగా ఉండమంటున్నారు!" అని అరిచింది. పాండురంగారావు గారు ఫోను ఎత్తకపోతే వీరదుర్గకి చేసిందట. పని తీసేసిన సంగతి అచ్చమ్మకి తెలియదు.

వీరదుర్గ ఉంగుటూరు నుంచి స్కూటీ మీద వచ్చింది. అరగంట చక్రం చల్లారనిచ్చింది. జాకీ ఎత్తి, పిన్నులు బయటికి లాగి, ఉబ్బిన రబ్బర్లు బ్లేడుతో కోసి తీసేసి, పిన్నులు తుడిచి మళ్లీ పెట్టింది. బండి తనే నెమ్మదిగా నడిపి ఉంగుటూరు తీసుకెళ్లింది. ప్రస్తుతానికి నెమ్మదిగా నడపొచ్చంది. దిగాక ఆ తుడిచిన గుడ్డ నా చేతికి ఇచ్చి, "ఈ గ్రీజు మా షాపులో లేదండీ మేడమ్. ఇలాంటిది నేను ఎప్పుడూ చూడలేదు. వాసన చూడండి" అంది.

చూశాను. నల్లగా, జిగురుగా ఉంది. ఆ వాసన నాకు తెలుసన్నయ్యా. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు మీరు డిపో నుంచి వచ్చి విప్పి దండెం మీద వేసే ఖాకీ చొక్కాది. ఆ చొక్కా ఉతికేది నేనే.

అడగాలంటే సిగ్గుగా ఉంది. అడక్కపోతే ఇంకా సిగ్గుగా ఉంది. జూన్‌లో ఆ రెండు రోజులు కారు మీ దగ్గరే ఉంది. ఎడమ ముందు చక్రంతో మొదలుపెట్టమని ఎందుకు రాశారు?

సలోమి


ఏలూరు,
28-8-2025.

సలోమీ,

నేనే.

ఈ మాట మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది. అప్పుడు నాకు నిజంగా తెలియదు. నేను పూసిన గ్రీజు వల్ల అనుకోలేదు. నేను విప్పిన చక్రం కాబట్టే ముందు దాన్ని చూడమన్నాను. అయినా విప్పిన సంగతి నీకు చెప్పలేదు, ఎందుకంటే అడక్కుండా విప్పాను.

నువ్వు విజయవాడ వెళ్లిన రోజు మా వీధి చివర టీ కొట్టు దగ్గర సూర్యనారాయణ గారు, "ఏవండీ ప్రభుదాసు గారూ, ఇంజను లేని బండ్లు వచ్చేశాయి, ఇంక మీ విద్యతో పనేముందండీ?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. పెదాల కదలికని బట్టి మొత్తం అర్థమైంది. ఇంటికొచ్చి నీ బండి ముందు మూత ఎత్తాను. లోపల ఒక్క వస్తువు కూడా నాకు తెలిసింది లేదు సలోమీ. మూతలు, నారింజరంగు వైర్లు, ముట్టుకోవద్దని బొమ్మలు. డిపోలో చీకట్లో చేత్తో తడిమి భాగాల పేర్లు చెప్పినవాణ్ణి, పట్టపగలు నా చెల్లెలి బండి ముందు ఏమీ తెలియనివాడిలా నిలబడ్డాను. మూత దించేసి చక్రం దగ్గరికి వచ్చాను. బ్రేకు నాకు తెలుసు. డిస్కు మీద కాస్త తుప్పు కనబడింది. ఆ తుప్పు చూస్తే ప్రాణం లేచొచ్చింది, నేను చెయ్యదగ్గ పని ఒకటి దొరికిందని. ఎడమ ముందు చక్రం విప్పి, తుడిచి, రిటైరైనప్పుడు డిపో నుంచి తెచ్చుకున్న డబ్బాలోని గ్రీజు పూశాను. సూర్యనారాయణ గారు అటు వెళ్తూ చూశాడు. ఆయన చూడాలనే ఆ పూట ఎంచుకున్నాను.

నీ రెండో ఉత్తరం చదువుతుంటే "తప్పు గ్రీజు" అన్న చోట ఆగిపోయాను. ఆ క్షణానే తెలిసిపోయింది. శాలిని పెట్టిన టీ చల్లారిపోయింది. వెంటనే రాద్దామని కాగితం తీసుకున్నాను. "నేను" అని రాశాను. ఆ కాగితం చింపేశాను. నువ్వు నన్ను మెచ్చుకున్న ఉత్తరం పక్కనే ఉంది. రెండో కాగితం మీద "తెలియక చేసి ఉంటుంది, క్షమించు" అని రాశాను. నా తప్పు ఆ అమ్మాయి నెత్తిన పెట్టి, పైగా క్షమించమని సిఫారసు చేశాను. చదువుకున్నాను. బాగానే ఉందనిపించింది. కవరు అంటించాను. ఆ వాక్యం వల్లే తన పని పోయింది.

నీ బెల్టు ఊడని సంగతి చదివాక అన్నం సహించడం లేదు.

ఈ ఉత్తరం రాస్తుంటే శాలిని వచ్చి, ఏమిటి మావయ్యగారూ ఇలా ఉన్నారు అని అడిగింది. చెప్పాను. తను సొరుగులోంచి చెవి మిషను తీసి, కొత్త బ్యాటరీ వేసి నా చేతిలో పెట్టింది.

సోమవారం గూడెం వస్తాను. వర్క్‌షాపుకీ, ఆ అమ్మాయి ఇంటికీ వెళ్తాను. నువ్వు వెంట రావద్దు. మీ ఇంటికి మాత్రం రాలేను. రూబెన్ మొహం చూడలేను.

ప్రభుదాసు


ఏలూరు,
2-9-2025.

సలోమీ,

నీ నుంచి జవాబు రాలేదు. రాకపోవడం న్యాయమే. నిన్న జరిగింది నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

పొద్దున్న వర్క్‌షాపుకి వెళ్లాను. పాండురంగారావు గారితో తప్పు నాది అని చెప్పాను. ఆయన నవ్వి, "పోనిద్దురూ, పెద్దవారు, ఆ మాట కోసం ఏలూరు నుంచి వచ్చారా?" అని కుర్చీ వేయించాడు. అది చెప్పుతో కొట్టినట్టుంది. కూర్చోలేదు. "ఆ అమ్మాయిని ఎవరి ముందు పొమ్మన్నారో వాళ్లందరినీ పిలవండి" అన్నాను. నలుగురు వచ్చారు. వాళ్లకి మళ్లీ చెప్పాను. ఆయన నవ్వడం మానేసి వీరదుర్గకి ఫోను చేశాడు. తను ఎత్తలేదు.

మధ్యాహ్నం ఉంగుటూరులో తన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. కాలువ పక్కన వసారాలో ఎవరిదో నీళ్ల మోటారు బాగుచేస్తోంది. నేనెవరో చెప్పి, జరిగిందంతా చెప్పాను. పని ఆపకుండా విన్నది. అంతా అయ్యాక ఒక్కటే అడిగింది.

"ఒక్క చక్రమేనా అండీ విప్పింది?"

"ఒక్కటేనమ్మా" అన్నాను.

అబద్ధం. కుడి ముందుది కూడా విప్పాను. దానికీ అదే గ్రీజు. నీకు రాసిన ఉత్తరంలో కూడా ఎడమది ఒక్కటే ఒప్పుకున్నాను. ఒకటైతే పొరపాటు అంటారు, రెండైతే వీడికి పనే రాదంటారు అనిపించింది. తప్పు ఒప్పుకోవడానికి అంత దూరం వెళ్లినవాణ్ణి, ఆ వసారాలో నిలబడి మళ్లీ అదే పని చేశాను.

తను తలూపింది. నేను వచ్చి ఏలూరు బస్సు ఎక్కాను. చేబ్రోలు దాటింది. పక్క సీట్లో ఎవరో ఆవిడ మనవరాలికి కొత్తగా కొన్న స్కూలు బెల్టు పెట్టి చూస్తోంది. అది బిగుతై ఊడటం లేదు. పిల్ల ఏడుస్తోంది. చెవిలో మిషను ఉంది కాబట్టి ఆ ఏడుపంతా వినబడింది. నీ కుడి చక్రం అప్పటికి ఎలా ఉందో నాకు తెలియదు. మర్నాడు పొద్దున్న నువ్వు మళ్లీ ఆ చెరువుల రోడ్డు ఎక్కుతావు. కైకరంలో దిగిపోయాను. ఆటోలో వెనక్కి వెళ్లాను.

నన్ను చూసి తను లేచి నిలబడింది. "రెండూ విప్పానమ్మా. ఇందాక అబద్ధం చెప్పాను" అన్నాను.

తిట్టలేదు. చేతులు తుడుచుకుని, "మేడమ్‌కి ఇప్పుడే ఫోను చేస్తాను, రేపు బండి తియ్యొద్దని" అంది. అక్కడే నిలబడి నీకు చేసింది. నీతో మాట్లాడుతున్నప్పుడు నా పేరు చెప్పలేదు, "కుడిది కూడా ఒకసారి చూడాలండీ" అంది, అంతే. తర్వాత నా వైపు తిరిగి, "మంచినీళ్లు తాగుతారా అండీ?" అంది. తాగాను.

ఈ సంగతి తన నోటి నుంచి నీకు రాదు. అందుకే నేను రాస్తున్నాను.

ప్రభుదాసు


తాడేపల్లిగూడెం,
9 సెప్టెంబరు 2025.

అన్నయ్యా,

మీ రెండు ఉత్తరాలూ దిండు కింద పెట్టుకుని వారం తిరిగాను. మీ మీద కోపంతో కాదు. మొదట కోపమే అనుకున్నాను. కూర్చుని ఆలోచిస్తే అది కాదు.

కుడి చక్రం బుధవారం వీరదుర్గ తన ఇంటి ముందే విప్పింది. తొడుగులు సగం ఉబ్బి ఉన్నాయి. ఇంకో వారం ఆగితే అదీ పట్టేసేదట. రెండు వైపులా పాత గ్రీజు కడిగేసి, కొత్త రబ్బర్లూ, కొత్త బ్రేకు ప్యాడ్లూ వేసింది. సిలికాన్ గ్రీజు ట్యూబు నాకు చూపించి, "ఇది ఇంతే, గోరంత చాలండీ" అని పూసింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కాలువగట్టు మీద ఇరవై కిలోమీటర్లు తిప్పింది. దిగి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూసింది. వాసన లేదు. చార్జింగు మళ్లీ మూడు రోజులు వస్తోంది.

అప్పుడు తనతో చెప్పాను, నన్ను క్షమించమ్మా అని. నన్ను సూటిగా చూసి, "మీరు నన్ను తిట్టినందుకు కాదండీ మేడమ్. నేను అడిగాను కదా, బయట ఎక్కడన్నా విప్పించారా అని. ఇంట్లో ఒక్క మాట అడిగి చెప్తానని కూడా అనలేదు మీరు" అంది.

అది వినగానే నా తల వాలిపోయింది. ఎందుకో మీకు చెప్పాలి, ఇంకెవరికీ చెప్పలేను. ఆ రోజు తను అలా అడిగినప్పుడు మీరు నా మనసులోకి వచ్చారు. జూన్‌లో ఆ రెండు రోజులు, తుడిచిన అద్దాలు, కడిగిన చక్రాలు, అన్నీ ఒక్క క్షణం కళ్ల ముందు కనబడ్డాయి. తోసేశాను. మా అన్నయ్య అనుకోవడం కంటే ఆ పిల్ల అనుకోవడం నాకు తేలిక అయింది. పదో తరగతి మాట అందుకే అన్నాను. మీరు కాగితం మీద చేసింది నేను నోటితో ముందే చేశాను. మీరు రెండో ఉత్తరంలో నిజం రాసినా, నేను ఏదో సర్ది చెప్పి ఉండేదాన్నేమో.

పాండురంగారావు గారు రమ్మని రెండుసార్లు కబురు పంపారు. "అందరి ముందు పొమ్మన్నారు, అందరి ముందు రమ్మనండి" అందట వీరదుర్గ. నిన్న సోమవారం పొద్దున్న అలాగే జరిగింది. నేనూ వెళ్లాను. ఇరవై ఎనిమిదేళ్లుగా పిల్లల ముందు మాట్లాడుతున్నదాన్ని, గ్రీజు చేతులతో నిలబడ్డ ఆ నలుగురి ముందు మాటలు వెతుక్కున్నాను. తను పదో తరగతిలో ఏ తప్పూ చేయలేదని, ఆ మాట నేను కల్పించి అన్నానని చెప్పాను. వీరదుర్గ, "సరేనండీ మేడమ్" అని ఇంకో బండి కిందకి వెళ్లిపోయింది. చెయ్యి పట్టుకోలేదు, నవ్వలేదు. మళ్లీ నా బండి చూస్తావా అని అడగాలనిపించింది. అడగలేదు.

మీ సంగతి రూబెన్ గారికి చెప్పాను. కాసేపు పేపరు చదువుతున్నట్టు నటించి, "బావగారిని రమ్మను, ఆ మనిషి ఒక్కడే కూర్చుని కుమిలిపోతూ ఉంటాడు" అన్నారు.

ఈ ఆదివారం రండి. శాలినిని కూడా తీసుకురండి. ఏమీ జరగనట్టు ఉండమని అడగను, నాకూ చేతకాదు. సిగ్గు పోయాక వద్దామనుకుంటే మీరు రాలేరు, నేను పిలవలేను. దానితోనే రండి అన్నయ్యా. నేనూ అలాగే గుమ్మంలో నిలబడతాను.

మీ చెల్లెలు,
సలోమి